పొట్టి చిత్రములు – చిన్న వర్తకులు

వర్తకమునకు సరకెంత ముఖ్యమో, ఆ సరకు గలదని పదుగురకు దెలియుటయు నంతే ముఖ్యము. అడుగనిదే యమ్మయైన బెట్టదని మన పెద్దలు చెప్పిన మాట కొనువానికే కాక యమ్మువానికి గూడ వర్తించును. తన సరకును గూర్చి నోరు విప్పని వర్తకుని యంగడికి ద్రోవ యెవ్వరు చూపుదురు? పూర్వము మన యూళ్లలో దండోరా వేయించెడివారు. సంతలో గొంతెత్తి పిలిచెడివారు. తరువాత గోడలమీది వ్రాతలును, కరపత్రములును, సినిమాహాళ్లలో స్లైడ్లును, వార్తాపత్రికలలో ప్రకటనలును వచ్చెను. ఇప్పుడు వీని యన్నిటి స్థానమును ఫోనుతెఱమీద నిలువుగా గనబడు నర నిమిషపు చలనచిత్ర మాక్రమించుచున్నది. రీలనియు షార్టనియు మన విద్యార్థులు దినమున కెన్నియో మాఱులు పలుకు నీ వస్తువు వినోదముకొఱకే పుట్టినదని తలచువారు పలువురు గలరు. మా యభిప్రాయ మది కాదు. ఇది చిన్న వర్తకుని చేతికి వచ్చిన మంచి పనిముట్టు. అయితే పనిముట్టు పనిముట్టుగనే యుండవలెను గాని యజమాని కారాదు. ఈ రెండు మాటలను విశదపఱచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ చిత్రముల చరిత్ర స్వల్పమైనదే. 2013వ సంవత్సరమున వైన్ అను నొక యాప్ బయలుదేఱెను. దానియం దొక్కొక్క చిత్రము నిడివి యాఱు సెకండ్లు మాత్రమే. జనులకు మిక్కిలి ప్రియమైనదైనను, దానిని నడపుచుండిన ట్విట్టర్ సంస్థ 2016 అక్టోబరులో దానిని నిలిపివేయుచున్నామని ప్రకటించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో చీనా దేశమున బైట్‌డాన్స్ అను సంస్థ డౌయిన్ అను యాప్‌ను వెలువరించెను. మఱుసటి యేడు టిక్‌టాక్ అను పేర నట్టిదానినే యితర దేశములకు బంపెను. మన దేశమున 2016 సెప్టెంబరులో జియో సంస్థ సేవలు మొదలైన పిదప డేటా వెల బాగుగ దగ్గుటచే, పట్టణములకే గాక పల్లెలకు గూడ నీ చిత్రములు ప్రాకినవి. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో గూడ 59 యాప్‌లను నిషేధించెను. ఆ మఱుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ మన దేశమున రీల్స్‌ను, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను బ్రవేశపెట్టినవి. పదునైదు సెకండ్లతో నారంభమైన షార్ట్స్ నిడివి 2024 అక్టోబరునకు మూడు నిమిషముల వఱకు బెరిగినది. నిడివి పెరిగినను, చూచువాని యోపిక మాత్రము పెరిగినదని మేము చెప్పజాలము.

ఇవి నిలువుగా నేల యున్నవి? మనుష్యుడు ఫోనును నిలువుగా బట్టుకొనును గనుక. వెడల్పు 9 పాళ్లయిన నెత్తు 16 పాళ్లుండు నీ చిత్రము తెఱ నంతయు నాక్రమించును. దాని ప్రక్కను మఱియొకటి కనబడదు. ఇంతకంటె ముఖ్యమైన విశేష మొకటి కలదు. పూర్వము సోషల్ మీడియాయం దొకడు పెట్టినదానిని వాని నెఱిగినవారును, వాని ననుసరించువారును మాత్రమే యెక్కువగా జూచుచుండిరి. ఇప్పుడట్లు గాదు. ఆల్గరిథమ్ అను గణనయంత్రాంగము ప్రతి చిత్రమును గొందఱు క్రొత్తవారికి జూపి, వారు దానిని గడవఱకు జూచిరా, మఱల జూచిరా, మిత్రులకు బంపిరా, లేక వ్రేలితో నెట్టివేసిరా యని కనిపెట్టుచుండును. ఆదరణము కనబడినచో మఱికొందఱికి, ఆ పిదప నింకను బెక్కుమందికి జూపును. ఇందువలన నిన్న ఖాతా తెఱచిన యొక యప్పడముల వ్యాపారిణి చిత్రము, కోట్ల ధనము వెచ్చించు నొక పెద్ద సంస్థ చిత్రము ప్రక్కనే చూపబడుట కవకాశము గలిగినది. వార్తాపత్రికలో నర పుటను గొనలేని చిన్న వర్తకునకు నీ యవకాశ మల్పమైనది కాదు.

అయితే యే సరకునకు నీ చిత్రము లెక్కువగా నుపకరించును? తయారగు తీరు కన్నులపండువుగా నుండు సరకునకు. గోదావరి తీరమునందలి ఆత్రేయపురపు పూతరేకులను దీసికొందము. వీనికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ప్రత్యేకముగా జేయించిన కుండను బోర్లించి, దానిక్రింద మంటపెట్టి, పలుచని వరిపిండి పాలలో దడిపిన గుడ్డను దాని వీపుమీద నొక్కసారి లాగినంతనే, ఉల్లిపొరవంటి రేకు లేచివచ్చును. ఆ రేకులమీద నేతిని, పంచదారనో బెల్లపుపొడినో చల్లి మడతపెట్టుదురు. ఈ నేర్పును గూర్చి నాలుగు పుటలు వ్రాసినను దూరదేశపు చదువరికి నమ్మిక గలుగకపోవచ్చును. ఇరువది సెకండ్ల చిత్రము చూపినచో నమ్మక తప్పదు. అటులనే పోచంపల్లి చీరయు. దాని నూలును నేతకు ముందే ముడులు గట్టి రంగులలో ముంచుదురు. పిదప మగ్గముమీద నేయగా నేయగా నా రంగులే పువ్వులై, గళ్లై, యేనుగులై తేలును. అందుచే నా నమూనా వస్త్రమునకు రెండు వైపుల నొక్కతీరుననే కనబడును. దానిని బోలునట్లు పైపైన నచ్చువేసిన గుడ్డ కెదురువైపు వెలవెలబోవును. నేతగాడు తన చీర చెఱగును ద్రిప్పి వెనుకవైపును జూపుట కైదు సెకండ్లు చాలును. ఆ యైదు సెకండ్లలో కొనువానికి నొక పాఠము, నేతగానికి నొక సాక్ష్యము సమకూడును. మా యెఱుకలో నింతకంటె నిజాయితీ గల ప్రకటన లేదు.

చూపదగిన హస్తకౌశలము లేని వ్యాపారముల మాటయేమని యడుగవచ్చును. పచారీకొట్టువాడేమి చూపును? సైకిళ్లు బాగుచేయువాడేమి చూపును? వారు తమకు దెలిసినదానిని నేర్పవచ్చును. క్రొత్త బియ్యమునకును బాత బియ్యమునకును భేద మెట్లు కనిపెట్టవలెనో పచారివాడు చెప్పవచ్చును. గొలుసునకు నూనె యెప్పుడు వేయవలెనో సైకిలు మేస్త్రి చూపవచ్చును. ఒక నూలునకును మఱియొక నూలునకును గల వాసి బట్టల కొట్టువాడు చెప్పవచ్చును. ఉచితముగా నొక మంచిమాట చెప్పిన వర్తకుని జనులు మఱచిపోరు. అవసరము వచ్చినపుడు వాని యంగడినే వెదకికొని పోదురు.

ఇక నెట్లు తీయవలె ననుట. దీనికి బెద్ద పరికరములు వలదు. ఒక్కొక్క చిత్రమున నొక్కటే మాట యుండవలెను. నమస్కారములతోను, అంగడి పేరుతోను నారంభించినచో రెండు మూడు సెకండ్లలోనే చూచువాడు జారిపోవును; కావున చూపదగినదానిని మొదటనే చూపి, పేరును బిదప జెప్పుట మేలు. కిటికీ ప్రక్కనుండి వచ్చు పగటి వెలుతురు విద్యుద్దీపములకంటె మిన్న. బస్సులలోను, నలుగురి నడుమను బలువురు శబ్దము లేకయే చూతురు గనుక ముఖ్యమైన మాటలను దెఱమీద నక్షరములుగా వ్రాయవలెను. వెల, ఊరు, ఫోను సంఖ్య – ఈ మూడును దాచరాదు. వెల దెలియగోరువారిని విడిగా సందేశము పంపుడని త్రిప్పుట మర్యాద గాదు. భాష మాటయు నొకటి చెప్పవలెను. అనకాపల్లి బెల్లపు వర్తకుడు తన యూరి యాసలోనే, వరంగల్లు తివాచీల నేతగాడు తన యూరి యాసలోనే మాటలాడుట సొంపు. అరకొఱ యాంగ్లమునకంటె నిండు తెలుగే నమ్మకము పుట్టించును. సినిమా పాటలను జోడించుటలో గూడ జాగరూకత వలయును. స్వంత వినోదముకొఱకు వాడుకొననిచ్చు పాటలను వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ అన్నిటిని నీయదు. పాట హక్కు లొరులవి గావున నిది న్యాయమే. మగ్గపు చప్పుడు, మూకుటిలో నూనె చిటపట, సుత్తి దెబ్బ – ఇవి యెవరి సొత్తును గావు. పాటలకంటె నివియే సరకునకు దగినవి.

ఇంతవఱకు లాభములను జెప్పితిమి. ఇక మా హెచ్చరికలను వినుడు.

మొదటిది: చూచినవారి సంఖ్య వేఱు, కొన్నవారి సంఖ్య వేఱు. లక్షమంది చూచిరని సంబరపడు వర్తకుని గల్లాపెట్టె యా సాయంకాలము మామూలుగనే యుండవచ్చును. విజయనగరమునందలి యిడ్లీకొట్టును గర్నూలులో లక్షమంది చూచినను, వారిలో నెందఱు రేపటి యుదయమున వచ్చి యిడ్లీలు తినగలరు? అట్టి కొట్టునకు దన పేటయందలి యైదువందలమంది చూచుటయే మేలు. దూరమునకు బంపదగిన పచ్చడికిని, చీరకును, బొమ్మకును మాత్రమే దూరపు చూపులు పనికివచ్చును. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత యిచ్చట నక్షరాల జెల్లును. మఱియు నీ లెక్కలు స్థిరమైనవి గావు. 2025 మార్చి 31వ తేదీనుండి యూట్యూబ్ సంస్థ షార్ట్స్ చిత్రము కదలుట మొదలుపెట్టినంతనే దానిని చూపుగా లెక్కించుచున్నది. ఇంతసేపు చూడవలెనను నియమము తీసివేయబడినది. నాటి రాత్రికి సంఖ్యలు పెరిగినంతమాత్రమున నెవ్వరి సరకును నెక్కువ యమ్ముడుపోలేదు గదా! కావున వర్తకుడు నోటుపుస్తకమున మూడు లెక్కలు వ్రాసికొనవలెను: చిత్రమును జూచి వెల యడిగినవారెందఱు, కొన్నవారెందఱు, మఱల వచ్చినవారెందఱు. ఇందు మూడవదియే నిజమైన ధనము.

రెండవది: పేరు మన యేర్పాటును మించి పెరిగిన నదియు నొక యుపద్రవమే. 2024 జనవరిలో హైదరాబాదునందు మాధాపురము ప్రాంతమున త్రోవప్రక్క భోజనము విక్రయించు నొక గృహిణి కథ తెలుగువారందఱు నెఱిగినదే. ఆమెను గూర్చి యితరులు తీసిన పొట్టి చిత్రములు వ్యాపించి, తినవచ్చినవారితోను, తీయవచ్చినవారితోను నా త్రోవ క్రిక్కిఱిసినది. రాకపోకల కడ్డంకి యగుచున్నదని పోలీసులు ఆ యంగడిని దొలగింపబూనిరి. ముఖ్యమంత్రి కలుగజేసికొని యచ్చటనే నడపుకొననిండని చెప్పుటచే నామె జీవనము నిలిచినది. ప్రతి చిన్న వర్తకునకును ముఖ్యమంత్రి యడ్డుపడునా? ఆమె కోరి తెచ్చుకొన్న ప్రఖ్యాతి గూడ గాదది. దీనినిబట్టి మనము నేర్వవలసిన దేమన, దినమునకు నూఱు డబ్బాల పచ్చడి చేయగలవాడు వేయిమందిని బిలువరాదు. పిలిచి, సరకందింపలేక, త్వరలో నాసిరకము చేసి పంపినచో, వచ్చిన పేరే చెడ్డపేరై నిలుచును. పిండి కొద్ది రొట్టె.

మూడవది: ఈ యాప్‌లు మన స్వంత నేల గావు, పరుల నేలమీద వేసికొన్న పాకలు. 2020 జూన్ 29వ తేదీకి ముందు టిక్‌టాక్‌లో లక్షలకొలది యనుచరులను గూర్చుకొన్నవారు మన రాష్ట్రములలో నెందఱో యుండిరి. నిషేధము వచ్చిన కొలది దినములలోనే యా కూర్పంతయు జేజాఱెను. ఆ నిషేధము సరియైనదా కాదా యను చర్చ యిచ్చట నప్రస్తుతము. నేలకు యజమాని మనము గానపుడు పాక యెప్పుడైన లేచిపోవచ్చునను సత్యమే ప్రస్తుతము. వైన్ గతియు నట్టిదే గదా! కావున చిత్రమును జూచి వచ్చిన ప్రతి ఖాతాదారుని పేరును, ఫోను సంఖ్యను వారి సమ్మతితో స్వంత పుస్తకమున వ్రాసికొనవలెను. చిత్రము వీథివాకిలి వంటిది. ఆ పుస్తకము పెట్టె వంటిది. వాకిలికి రంగువేసి పెట్టెను మఱచువాడు తెలివిగలవాడు గాడు.

నాలుగవదియు, మాకు మిక్కిలి ముఖ్యమైనదియు నగునది సత్యము. పైన పటారము లోన లొటారమను నానుడికి నీ చిత్రములు చక్కని పొలము. మరమగ్గముమీద నేసిన గుడ్డకు జేనేతయని పేరుపెట్టి, వెనుక నొక మగ్గపు బొమ్మ నుంచి, ముప్పది సెకండ్లలో నమ్మివేయువారు లేకపోలేదు. ఇందు మోసపోవువారు కొన్నవారు మాత్రమే కారు. అసలు నేతగాడు వారములకొలది శ్రమించి నేసిన చీర కా వెల యేల యని జనులు ప్రశ్నించునట్లగును. వాని కూడు పోవును. ఈ విషయమున శాసనమును మౌనముగా లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, తప్పుత్రోవ పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వఱకును, మఱల జేసినచో 50 లక్షల వఱకును జరిమానా విధింపవచ్చును. ధనమో సరకో పుచ్చుకొని పొగడువారు, ఇది ప్రకటన యని స్పష్టముగా దెలుపవలెనని భారత ప్రకటన ప్రమాణముల మండలి 2021లో నియమమేర్పఱచినది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము గూడ నట్టి సూచనలను వెలువరించినది. అయినను శాసనభయముచే గాక స్వభావముచే సత్యమాడు వర్తకుడే తుదకు నిలుచును. తక్కెడను సరిగా బట్టువాడు కెమెరాను గూడ సరిగా బట్టవలెను.

ఇక మన పాఠశాలకు సంబంధించిన మాట. నేడు మన పట్టణములలో ననేకములైన చిన్న యంగళ్లకు జిత్రములు తీయువా రెవ్వరు? ఆ యంగళ్ల పిల్లలే. తండ్రికి దెలియని విద్య కొడుకునకు, తల్లికి దెలియని యుపాయము కూతునకు దెలిసియుండుట సంతోషింపదగినదే. చదువుకొన్న పిల్లలు కుటుంబవృత్తిని జిన్నచూపు చూచుచుండు కాలములో, తండ్రి చేతిపనిని శ్రద్ధతో గమనించి చిత్రించు బాలుడు దానియం దభిమానమును గూడ గలిగించుకొనును. ఇది గొప్ప లాభమని మా తలంపు. కాని తలిదండ్రు లొకటి గుర్తింపవలెను. చిత్రము తీయుట వేఱు. ఎక్కువమంది చూతురని పసిబిడ్డను గౌంటరుమీద నిలిపి యాడించుట వేఱు. ఇన్‌స్టాగ్రామ్ తనంతట తానే 13 యేండ్లు నిండనివారికి ఖాతా లేదనుచున్నది. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10వ తేదీనుండి 16 యేండ్లలోపువారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండ జేసినది. ఆ దేశపు మార్గము మనకు దగునో తగదో కాని, ఆ భయమునకు గారణము మాత్రము మన యిండ్లలోను గలదు. బిడ్డ ముఖము సరకు గాదు; దానిని జూపి సరకమ్మరాదు. చూచినవారి సంఖ్య తగ్గిన దినమున నా బిడ్డ తనలో లోపమేమో యని చింతించుటకంటె ఘోరమేమున్నది? అటులనే కొనవచ్చినవారిని వారి యనుమతి లేక చిత్రించుట మర్యాద గాదు.

విద్యార్థులారా! మీకు మా సలహా యిది. వారమున కొకదినము, రెండు గంటలు, అంగడికొఱకు వినియోగింపుడు. ఆ రెండు గంటలలో నాలుగు చిత్రములు తీసి యుంచి, దినము విడిచి దినము పెట్టవచ్చును. తీయుటకు ఫోను పట్టినవాడు చూచుటలో బడిపోవుట సహజము. చిత్రము పెట్టి ఫోనును మూసివేయుట యలవఱచుకొనుడు. ఎందఱు చూచిరని గంట గంటకు దెఱచి చూచుట వర్తకము గాదు, వ్యసనము. ప్రశ్న లడిగినవారికి సాయంకాల మొకసారి మర్యాదగా బదులిచ్చిన జాలును.

ఇట్టి ప్రకటనలు మర్యాదస్తుల పని గాదని యిప్పటికిని గొందఱు పెద్దలు చెప్పుచుందురు. మంచి సరకు తనంతట తానే యమ్ముడుపోవునని వారి వాదము. ఊరంతయు నొకరి నొక రెఱిగిన కాలమున నది నిజమే. నేడు కొనువాడు బెంగుళూరులోనో, డల్లసులోనో యుండి, చేసినవాడు చీరాలలో నున్నాడు. ఇద్దఱి నడుమ మాట కలుపువాడు లేనిచో నడుమవచ్చు దళారియే యిద్దఱి లాభమును దినును. చేసినవాడే కొనువానితో ముఖాముఖి మాటలాడుట కీ చిత్రము సాధనమైనపుడు దానిని నిరాకరించుట వివేకము గాదు. అయితే చిత్రముకొఱకు సరకును మార్చుకొనక, సరకును బట్టియే చిత్రమును దీయవలెను. అర నిమిషములో జూపినది, అంగడిలో నిచ్చినది, ఇంట వాడినపుడు తేలినది – ఈ మూడును నొక్కటియైనచో నా వర్తకుని పేరు యాప్‌లు మాఱినను మాఱదు. మన విద్యార్థులలో రేపటి వర్తకులు గానున్నవారెల్లరు నట్టి పేరును సంపాదింతురుగాక యని మా కోరిక.